చెరువు శిఖంలో చిన్న ఉల్లంకి: లిటిల్ స్టింటా, టెమ్మింక్స్ స్టింటా?

చలికాలంలో నీళ్లు వెనక్కి జరిగి శిఖంలో బురద తేలాక, ఊరపిచ్చుకంత పిట్టలు అందులో ముక్కుతో పొడుచుకుంటూ తిరుగుతాయి. వాటిలో స్టింట్లనే చిన్న ఉల్లంకుల్లో లిటిల్ ఏదో, టెమ్మింక్స్ ఏదో పోల్చుకోవడం ఎలాగో చూద్దాం. పానగల్లు ఉదయసముద్రమైనా, కోయిల్‌సాగరైనా, ఊరి కుంటైనా పోల్చుకునే పద్ధతి ఒకటే. ముందు ప్లవర్లను పక్కన పెట్టండి: నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగే పొట్టి ముక్కు పిట్ట ప్లవర్.

పొద్దు మీ వీపు వెనక ఉండేలా కట్ట మీద చోటు చూసుకోండి. ఎదురెండలో ఏ పిట్టయినా నల్లగానే కనిపిస్తుంది. 8x42 బైనాక్యులర్ చాలు, దూరమైతే స్కోప్ (స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణి) కావాలి.

లిటిల్ స్టింట్ కాళ్లు నలుపు, టెమ్మింక్స్ కాళ్లు పసుపు కలిసిన ఆకుపచ్చ. పుస్తకాల్లో మొదట చెప్పే గుర్తు ఇదే, ఎక్కువమంది బోల్తా పడేదీ ఇక్కడే. రేగడి బురద పూసుకుంటే పసుపు కాళ్లూ నల్లబడతాయి. పిట్ట పలుచటి నీళ్లలో నడిచి బయటికొచ్చేదాకా ఆగండి. కాలి మడత పైభాగానికి బురద తక్కువ అంటుతుంది, అక్కడ చూడండి.

కాళ్లకంటే రొమ్ము నమ్మదగింది. టెమ్మింక్స్‌కు మెడ చుట్టూ బూడిద రంగు తువ్వాల కప్పినట్టు రొమ్మంతా మసకగా ఉండి, కింద ఒక్కసారిగా తెలుపు మొదలవుతుంది. లిటిల్‌కు చలికాలంలో రొమ్ము మధ్య తెల్లగా ఉండి, పక్కలకే బూడిద రంగు. టెమ్మింక్స్ వీపు సాదా. లిటిల్ వీపు మీద ఈకల నడుమ ముదురు గీతలుంటాయి. సెప్టెంబరులో వచ్చే పిల్ల పిట్టలకైతే రెండు తెల్ల చారలు కలిసి 'వి' ఆకారం కనిపిస్తుంది. ఏప్రిల్ నాటికి లిటిల్ తలా రొమ్ము పక్కలూ ఇటుక రంగు తిరుగుతాయి, కాబట్టి రొమ్ము, వీపు గుర్తులు అప్పుడు మారిపోతాయి.

నడక కూడా చూడండి. లిటిల్ గుంపుగా, బయటి బురదలో, కుట్టుమిషన్ సూదిలా గబగబా పొడుస్తుంది. టెమ్మింక్స్ ఒంటరిగానో నాలుగైదు కలిసో గరిక, తుంగ అంచున వంగి నెమ్మదిగా పాకుతున్నట్టు కదులుతుంది.

పిట్ట ఎగిరితే మాత్రం అనుమానం తీరుతుంది: టెమ్మింక్స్ 'ట్ర్‌ర్‌ర్' అని గిలక తిప్పినట్టు కూస్తూ నిటారుగా పైకి లేస్తుంది, తోక అంచులు తెల్లగా మెరుస్తాయి. లిటిల్ 'టిట్, టిట్' అంటుంది, తోక అంచులు బూడిద రంగు. అలాగని కావాలని తరమకండి, మేత చెడుతుంది. గద్ద ఎలాగూ లేపుతుంది.

కాళ్లు పసుపే అయినా వీపు నిండా ముదురు చారలుండి, మెడ సాచి నిలబడితే అది లాంగ్ టోడ్ స్టింట్ కావచ్చు, వెంటనే ఫొటో తీయండి. ఒక్క కాళ్లే చూడగలిగితే 'ఏదో స్టింట్' అని రాసుకోండి చాలు.