రిపోర్టు చదువుదాం – పాఠం 5: హైపో, హైపర్

ముందు పోయినసారి ఇంటిపని సంగతి. గ్యాస్ట్రైటిస్, ఆర్థ్రైటిస్, హెపటైటిస్ మాటలకు తెలుగులో అర్థం రాయమన్నాను. మాట చివర ‘ఐటిస్’ ఉంటే ఆ భాగం వాచిందని అర్థం. గ్యాస్ట్రైటిస్ అంటే జీర్ణకోశం లోపలి పొరకు వాపు, ఆర్థ్రైటిస్ అంటే కీళ్లకు, హెపటైటిస్ అంటే కాలేయానికి. హెపటైటిస్‌కు ఎదురుగా ‘కామెర్లు’ అని రాసుకుంటే సగం మార్కులే. కామెర్లు అంటే కళ్లు, ఒళ్లు పచ్చబడే లక్షణం. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా అవి వస్తాయి.

ఇవాళ తోక వదిలి తల పట్టుకుందాం. ‘హైపర్’ అంటే ఉండాల్సినదానికన్నా ఎక్కువ, ‘హైపో’ అంటే తక్కువ. రెండూ గ్రీకు నుంచి వచ్చినవే. చెవికి ఒకేలా వినిపిస్తాయి గనక ఫోనులో చెప్పేటప్పుడు ‘ఎక్కువ’, ‘తక్కువ’ అని తెలుగులో కూడా చెప్పడం మేలు.

ఇక తిరకాసు ఎక్కడంటే, ఎక్కువ తక్కువలు దేనివి? ఇందులో నేనే బోల్తాపడ్డాను. గాజువాకలో ఉండే మా పిన్ని థైరాయిడ్ రిపోర్టు ఫోనులో చదివింది. టీఎస్‌హెచ్ 11, పక్కన ‘హై’ అని ఉందట. ‘‘అయితే హైపర్ పిన్నీ’’ అనేశాను. తీరా డాక్టరుగారు హైపోథైరాయిడిజం అని రాశారు. ‘‘ఏట్రా, అంకె పెరిగితే జబ్బు తక్కువేటి?’’ అని పిన్ని నిలదీసింది. అడగాల్సిన మాటే.

విశాఖ పోర్టులో కళాసీల జట్టు, దానికో మేస్త్రి ఉన్నారనుకోండి. జట్టు చురుగ్గా మోస్తుంటే మేస్త్రి ఒకటి రెండు మాటలతో సరిపెడతాడు. పని మందగించిందా, గొంతు చించుకుంటాడు. మెడ దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి ఆ జట్టు. అది దించే సరుకు టీ4, టీ3 హార్మోన్లు. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి మేస్త్రి. దాని కేకే టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను పని చేయమని పురమాయించే హార్మోను. చాలా ల్యాబుల్లో పెద్దవాళ్లకు ఇది సుమారు 0.4 నుంచి 4 దాకా ఉంటే మామూలు. 11 అంటే కేక పెద్దది, అంటే సాధారణంగా జట్టు మందగించిందన్నమాట. జబ్బుకు పేరు పెట్టేది సరుకును బట్టి, కేకను బట్టి కాదు. అయితే టీఎస్‌హెచ్ పెరిగినా టీ4 ఇంకా మామూలుగానే ఉండే దశ ఒకటుంది. అందుకే రెండు అంకెలూ చూడాలి.

హైపర్‌టెన్షన్‌లో చిక్కు వేరు. మనకు టెన్షన్ అంటే మనసులో గాభరా. ‘‘పిల్లలు సెటిలయ్యారు, నాకేం టెన్షనండీ’’ అని మాత్రలు మానేసినవాళ్లను చూశాను. ఇక్కడి టెన్షన్ రక్తం ధమనుల గోడలను నెట్టే ఒత్తిడి. ఆసుపత్రిలో వేర్వేరు రోజుల్లో కొలిచినా 140/90 లేదా అంతకు మించి వస్తుంటే హైపర్‌టెన్షన్ అంటారు. మనిషి నిమ్మళంగా కూర్చుని పేపరు చదువుకుంటున్నా అది ఉండొచ్చు. అన్నట్టు, ‘బీపీ వచ్చింది’ అంటాం గానీ, బీపీ లేనిదెవరికి?

హైపోగ్లైసీమియా మాత్రం వెంటనే గుర్తుపట్టాల్సిన మాట. ‘గ్లై’ చక్కెర, చివరి ‘ఈమియా’ రక్తంలో అని. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గడం. ఇన్సులిన్ తీసుకుని, ఏమీ తినకుండా బీచ్ రోడ్డులో నడకకు వెళ్లేవాళ్లు జాగ్రత్త. చెమట, వణుకు, తికమక కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. సముద్రగాలి ఉక్కకు పట్టిన చెమటేలే అనుకోవద్దు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇంటిపని: నేట్రియం అంటే సోడియం, కేలియం అంటే పొటాషియం. హైపోనేట్రీమియా, హైపర్‌కెలీమియా మాటలను విడదీసి తెలుగులో రాయండి. రెండోది: టీఎస్‌హెచ్ 0.05, టీ4 ఎక్కువ. మేస్త్రి ఎందుకు నోరు మూసుకున్నాడు?