గిఫ్టు డీడు రాయించుకునే ముందు చూసుకోవాల్సిన పన్ను లెక్క

స్థలమో ఇల్లో ఎవరైనా గిఫ్టుగా రాసిస్తామంటే, డాక్యుమెంటు రైటర్ దగ్గరికి పోకముందే ఒక్కటి తేల్చుకోండి. ఇచ్చే మనిషి మీకు ఏమవుతారు? ఆదాయపన్ను పడేది పుచ్చుకున్నవాళ్లకే కాబట్టి వాళ్ల వైపు నుంచే వరస చూడాలి.

భార్య లేదా భర్త, ఇద్దరి తోబుట్టువులు, మీ అమ్మానాన్నల తోబుట్టువులు, ఇద్దరి వైపులా తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు, పిల్లలు, మనవళ్లు, వీళ్లందరి భార్యలు, భర్తలు: చట్టం లెక్కలో బంధువులు వీళ్లే. వీళ్లిచ్చిన ఆస్తి కోటి రూపాయలదైనా పన్ను లేదు. మేనమామ మేనల్లుడికి రాసిస్తే పన్ను లేదు. మేనల్లుడు మేనమామకు రాసిస్తే ఉంది, ఎందుకంటే తోబుట్టువుల పిల్లలు ఆ జాబితాలో లేరు. తోడల్లుడు మాత్రం ఉన్నాడు.

ఎక్కువమంది దెబ్బతినేది పెద్దనాన్న కొడుకు దగ్గర. అన్నా అని పిలుస్తాం, డీడులోనూ అన్న అనే రాయిస్తాం. చట్టానికి మాత్రం తోడబుట్టినవాడే అన్న. మిగతావాళ్లిచ్చిన స్థలం రిజిస్ట్రేషన్ విలువ 50 వేలు దాటితే, దాటిన భాగం ఒక్కటే కాదు, మొత్తం విలువా ఆ ఏడాది మీ ఆదాయంలో కలుస్తుంది. కడపలో 30 లక్షల విలువున్న స్థలం 2025-26లో అలా వచ్చిందనుకోండి. వేరే ఆదాయం పైసా లేకపోయినా కొత్త పన్ను విధానంలో సెస్సుతో కలిపి 4,99,200 రూపాయలు కట్టాలి. ఆస్తి ఇంకా పెద్దనాన్న పేరు మీదే ఉంటే ఆయన చేతనే నేరుగా మీకు రాయించుకోండి. ఆయన మీ నాన్న తోబుట్టువు కాబట్టి పన్ను ఉండదు. వీలునామా ద్వారా వచ్చినదానికి, పెళ్లి సందర్భంగా వధూవరులకు ఇచ్చినదానికి ఈ బంధుత్వం షరతే లేదు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి గానీ ఈ నియమం సారం మారలేదు.

స్టాంపు పేపరు మీద రాసుకుని సంతకాలు పెట్టుకుంటే స్థిరాస్తి గిఫ్టు చెల్లదు. రిజిస్ట్రేషన్ కావాలి, ఇద్దరు సాక్షులుండాలి, ఇచ్చినవాళ్లు బతికుండగానే మీరు స్వీకరించాలి. స్వీకరించినట్టు, స్వాధీనం అప్పగించినట్టు డీడులోనే రాయించండి. 'తమ్ముడు' అని వదిలేయకుండా 'ఒకే తల్లిదండ్రులకు పుట్టిన తమ్ముడు' అని ఉండాలి. పెద్ద విలువున్న స్థిరాస్తి లావాదేవీలు ఆదాయపన్ను శాఖకు తెలుస్తాయి. నోటీసు వచ్చిన రోజు మిమ్మల్ని కాపాడేది ఆ ఒక్క వాక్యమే.

భార్యకు గానీ కోడలికి గానీ ఇల్లు రాసిస్తే పుచ్చుకున్నందుకు పన్ను లేదు, కానీ ఆ ఇంటి అద్దె ఇచ్చినవాళ్ల ఆదాయంలోనే కలుస్తుంది. అద్దె పన్ను తగ్గుతుందని రాసిచ్చేవాళ్లకు ఆ లాభం దక్కదు.

అసలు చిక్కు అమ్మేటప్పుడు వస్తుంది. బంధువు ఇచ్చిన ఆస్తికి మీ కొనుగోలు ధర గిఫ్టు డీడులో ఉన్న విలువ కాదు, ఇచ్చినవాళ్లు అప్పట్లో కొన్న ధర. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీనాటి విలువ తీసుకోవచ్చు, అదీ అప్పటి రిజిస్ట్రేషన్ విలువ దాటకుండా. కర్నూలులో నాన్న 1996లో కొన్న స్థలం కూతురికి 2022లో గిఫ్టుగా వచ్చింది, డీడులో విలువ 18 లక్షలు, 2025-26లో 30 లక్షలకు అమ్మింది అనుకుందాం. 2001 నాటి విలువ 2 లక్షలైతే లాభం 12 లక్షలు కాదు, 28 లక్షలు. 12.5 శాతం చొప్పున పన్ను 3.5 లక్షలు, సెస్సు అదనం. కొనుగోలు ధరను ధరల సూచీ ప్రకారం పెంచి 20 శాతం కట్టే పద్ధతిలో 4,49,600 అవుతుంది కాబట్టి ఇక్కడ మొదటిదే నయం.

అమ్మేది పొలమైతే దూరం కొలిపించండి. కర్నూలు, అనంతపురం, కడప మూడూ లక్ష నుంచి పది లక్షల లోపు జనాభా నగరాలే కాబట్టి, నగర హద్దు నుంచి గాలిదూరం 6 కిలోమీటర్లు దాటాలి. వేరే మున్సిపాలిటీ హద్దు కూడా దగ్గర్లో లేకపోతే, అమ్మిన లాభం మీద పన్ను పడదు.

అందుకే గిఫ్టు డీడుతో పాటు లింకు డాక్యుమెంట్ల (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పత్రాల) ఒరిజినళ్లు అదే రోజు తీసుకోండి. అవి పోయి ఉంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలు, 2001 నాటి మార్కెట్ విలువ పత్రం, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) ఇప్పుడే తీయించి పెట్టుకోండి.