పోయిన వెబ్‌కామిక్‌ను వెతికి కూర్చుకోవడం – 3వ పాఠం: పేజీ ఉంది, బొమ్మ లేదు

పాత వెబ్‌కామిక్ (వెబ్‌సైట్‌లో పేజీలుగా వచ్చే బొమ్మల కథ) పేజీలను వెతకమని కిందటి పాఠంలో ఇచ్చిన పని చేసినవాళ్లకి ఇది ఎదురయ్యే ఉంటుంది. పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో పాత పేజీ తెరుచుకుంటుంది. పైన కామిక్ పేరు, పక్కన 'ముందు పేజీ', 'తర్వాతి పేజీ' లింకులు, అడుగున జెన్నీ ఎవ్రీవేర్ అనే పాత్రను ఎవరైనా వాడుకోవచ్చని చెప్పే పేరా, అన్నీ ఉంటాయి. బొమ్మ ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ గడి. అనుమతి మిగిలింది, ఆ అనుమతితో గీసిన బొమ్మ పోయింది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మీరు ఆపొద్దు, ఈ పాఠమంతా ఆ ఖాళీ గడి గురించే.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు మాటలు. జెన్నీ 2002లో స్టీవెన్ వింటిల్ ఆలోచనతో పుట్టిన పాత్ర. పొట్టి నల్ల జుట్టు, తలమీదికి నెట్టుకున్న పైలట్ కళ్లజోడు, మెడలో స్కార్ఫ్. ఉన్న లోకాలన్నిటిలోనూ ఆమె ఉంటుంది. ఆమె కథ ఎవరైనా రాయొచ్చు, గీయొచ్చు. షరతు ఒక్కటే: ఆ అనుమతి పేరాను కథతోపాటు వేయాలి. దాని చివర 'ఆల్ రైట్స్ రివర్స్‌డ్' (హక్కులన్నీ తిరగేశాం) అని ఉంటుంది, 'రిజర్వ్‌డ్' (హక్కులన్నీ మావే) అని కాదు. తెనాలి రామకృష్ణుడి కథ చెప్పడానికి మనం ఎవరినీ అడగం కదా, అలాంటి స్వేచ్ఛనే ఇక్కడ రాసి మరీ ఇచ్చారు. అందుకే ఔత్సాహికులు ఎందరో ఆమెను గీశారు. డబ్బులు పెట్టలేనివాళ్లకి అప్పట్లో ఉచితంగా చోటిచ్చే సైట్లే దిక్కు. అలాంటి సైట్ మూతపడితే కామిక్ కూడా దాంతోపాటే పోతుంది. యాహూ 2009 అక్టోబరులో అలాంటి ఉచిత సైట్ జియోసిటీస్‌ను మూసినప్పుడు ఎన్నో ఇళ్లు ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది.

ఇక పనిలోకి వద్దాం. వెబ్ పేజీ, అందులోని బొమ్మ రెండూ వేర్వేరు ఫైళ్లు. ఆర్కైవ్ వాటిని వేర్వేరుగా తెచ్చుకుంటుంది. పేజీని ఒకరోజు, బొమ్మను మూడు నెలల తర్వాత తెచ్చి ఉండొచ్చు, అసలు తేకపోయి ఉండొచ్చు. కాబట్టి పేజీని వదిలేసి, బొమ్మ చిరునామాను పట్టుకోండి. ఖాళీ గడి మీద రైట్ క్లిక్ చేసి ఇమేజ్ అడ్రస్ కాపీ చేయండి. అది రాకపోతే పేజీ సోర్స్ (పేజీ వెనకున్న కోడ్) తెరిచి చూడండి, బొమ్మ ఫైలు పేరు అక్కడ ఉంటుంది.

ఆ చిరునామాలో 14 అంకెలు కనిపిస్తాయి. 20030815041230 అని ఉంటే, ఆర్కైవ్ దాన్ని 2003 ఆగస్టు 15న 4 గంటల 12 నిమిషాల 30 సెకన్లకు తీసుకుందని అర్థం. అది గ్రీనిచ్ సమయం, మనకు ఉదయం 9:42. ఈ అంకెలు చదవడం అలవాటు చేసుకోండి, ముందు ముందు ప్రతి పాఠంలోనూ కావాలి. అంకెల చోట నక్షత్రం గుర్తు (*) పెడితే ఆ ఫైలుకు సంబంధించిన క్యాలెండర్ వస్తుంది. నీలం చుక్క ఉన్న రోజు ఫైలు దొరికింది. నారింజ చుక్క అంటే ఆర్కైవ్ వెళ్లేసరికి అక్కడ లేదు. ఆకుపచ్చ అంటే వేరే చిరునామాకు పంపారు, దాని వెంట వెళ్లండి.

క్యాలెండర్‌లో ఏమీ లేకపోతే? నాకు ఈ పనిలో బాగా ఇష్టమైనది ఇక్కడే మొదలవుతుంది. 2000లో మొదలైన కీన్‌స్పేస్ అనే ఉచిత సైట్‌లో కామిక్ ఫైలు పేరే దాని తేదీ. ఏ రోజు బయటికి రావాలో ఆ తేదీని పేరుగా పెట్టి ముందే ఎక్కించేవాళ్లు. కాబట్టి దొరకని పేజీ పేరును మనమే లెక్క కట్టొచ్చు. కామిక్ మంగళ, శుక్రవారాల్లో వచ్చేదనుకుందాం. 20030812, 20030815, 20030822 దొరికాయి. మధ్యలో లేనిది మంగళవారం, అంటే 20030819. ఆ పేరుతో వెతకండి. బొమ్మ ఫైళ్లలో రకాలుంటాయి, జిఫ్‌గా లేకపోతే జేపెగ్‌గా, అదీ కాకపోతే పీఎన్‌జీగా చూడండి. ఇంకో సంగతి: 2005లో కీన్‌స్పేస్ పేరు కామిక్ జెనెసిస్‌గా మారింది. పాత పేరు మీద దొరకనిది కొత్త పేరు మీద దొరకొచ్చు, చిరునామాలో కీన్‌స్పేస్ అన్నచోట కామిక్ జెనెసిస్ అని మాత్రమే మార్చి, మిగతాదంతా అలాగే ఉంచి చూడండి.

ఒక్కొక్కటీ ఊహించే ఓపిక లేనప్పుడు, బొమ్మలున్న ఫోల్డర్ పేరు దాకా ఉంచి చివర కూడా నక్షత్రం పెట్టండి. ఆ ఫోల్డర్‌లో ఆర్కైవ్ దగ్గరున్నవన్నీ వరసగా వస్తాయి. ఏ పేజీకీ లింకు లేని బొమ్మలు కూడా అందులో బయటపడతాయి.

రెండు చోట్ల జాగ్రత్త. కొందరు మొదటి పేజీలో ఎప్పుడూ ఒకే పేరుతో, 'టుడే' లాంటి పేరుతో, బొమ్మ పెట్టేవాళ్లు. రోజూ బొమ్మ మారేది, పేరు మారేది కాదు. ఆర్కైవ్ ఆ పేజీకి దగ్గరి తేదీలో దొరికిన బొమ్మను తెచ్చి అతికిస్తుంది, అది ఆ రోజుది కాకపోవచ్చు. నేను మొదట్లో ఇలాగే ఒక కథలో తర్వాతి పేజీని ముందు పెట్టుకుని, కథే సరిగా లేదనుకుని ఆ రచయితకు మనసులోనే అన్యాయం చేశాను. రెండోది, వేరే చోట దాచిన బొమ్మలు. 2017లో బొమ్మలు దాచుకునే సైట్ ఫోటోబకెట్, బయటి సైట్లలో బొమ్మలు చూపించడానికి ఏడాదికి 399 డాలర్లు అడిగింది. కట్టనివాళ్ల బొమ్మల చోట ఒక నోటీసు బొమ్మ వచ్చింది. వేర్వేరు పేర్లున్న ఫైళ్లన్నీ సరిగ్గా ఒకే సైజులో ఉంటే, దొరికింది కామిక్ కాదు, నోటీసు.

దొరకని పేజీని ఏం చేయాలి? ఖాళీగానే ఉంచండి. జెన్నీ విషయంలో ఆ ఖాళీని మనమే గీసి నింపాలనిపిస్తుంది, ఎందుకంటే ఆమెను గీసే హక్కు మనకూ ఉంది. గీయండి, కానీ మీ పేరుతో, విడిగా. అనుమతి పేరా ఇచ్చింది పాత్రను మాత్రమే. ఆ పాత బొమ్మలు వాటిని గీసినవాళ్లవే. మీరు కూర్చినదాన్ని మళ్లీ బయట పెట్టాలంటే వాళ్లను అడగాలి.

ఈ వారం పని: మీరు ఎంచుకున్న కామిక్‌కు ఒక పట్టిక వేయండి. పేజీ తేదీ, ఫైలు పేరు, ఆర్కైవ్ తీసుకున్న 14 అంకెలు, దొరికిందా లేదా. దొరకని చోట ఏయే పేర్లతో వెతికారో కూడా రాయండి, మీ తర్వాత వెతికేవాళ్లు మళ్లీ అవే తలుపులు తట్టక్కర్లేదు. కనీసం 10 వరసలు ఉండాలి. వచ్చే పాఠంలో ఈ పట్టికతోనే పేజీల వరస సరిచూస్తాం.