మిషన్ 17.0 చూపిస్తే 17 అనుకున్నాను

మాది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లెటూరు. సార్వా ధాన్యం రెండ్రోజులు బరకాల మీద ఎండబెట్టి మా తేమ మిషన్‌లో చూస్తే 17.0 వచ్చింది. ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు కదా, సరిపోయిందని ట్రాక్టర్‌కి ఎత్తించాను. కేంద్రంలో వాళ్ల మిషన్ 17.04 చూపించింది. పక్కన పెట్టమన్నారు. కిరాయి దండగ. వాళ్ల మిషనే తప్పని కాసేపు గొడవ కూడా పడ్డాను.

ఇంటికొచ్చాక మా అమ్మాయి నవ్వింది. "నాన్నా, మన మిషన్ చుక్క తర్వాత ఒక్క అంకే చూపిస్తుంది, మిగతాది దగ్గరి అంకెకి సర్దేస్తుంది. దాన్నే రౌండింగ్ అంటారు. 17.04 ఉన్నా దానికి 17.0నే." సుద్దముక్కతో అరుగు మీద రాసి చూపించింది. చివరి స్థానం 0.1, అందులో సగం 0.05. అది 17.0 లోంచి తీసేస్తే 16.95, కలిపితే 17.05. అసలు తేమ ఈ మధ్యలో ఎక్కడున్నా మనకి కనబడేది 17.0. ఇందులో ఒక మెలిక ఉంది: 16.95 లెక్కలోకి వస్తుంది, 17.05 రాదు. అది 17.1 అయిపోతుంది. చుక్కే లేకుండా 17 అని చూపే మిషనైతే 16.5 నుంచి 17.5 లోపు ఏదైనా కావచ్చు, ఇంకా ఘోరం!

మా మిషన్ 16.9 చూపిస్తే అసలు తేమ 16.85 నుంచి 16.95 లోపు, 17 దాటదు, కాబట్టి రౌండింగ్ వరకు అది చాలు. కానీ మిషన్‌కీ మిషన్‌కీ తేడా ఉంటుందిగా, ఇంకో పూట ఎండనిచ్చి 16.6 చూశాకే బస్తాలు ఎత్తించాను. ఈసారి తీసుకున్నారు. మరీ ఎండితే తూకం తగ్గుతుంది, అదొక టెన్షన్.