ఇంటి వర్క్‌షాపు పాఠాలు – 7: డ్రిల్ కొనేటప్పుడు వాట్లు కాదు, గేరు చూడండి

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. ఇంట్లో ఉన్నదో, తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర అడిగి తెచ్చుకున్నదో, ఏదో ఒక డ్రిల్ మిషన్‌తో 6 ఎంఎం మందం ఇనుప ఫ్లాటుకి 10 ఎంఎం బెజ్జం వేసి, అదే మిషన్‌తో కిటికీ మీది లింటెల్‌కి 8 ఎంఎం బెజ్జం వేసి, ఏది కష్టమైందో రాయమన్నాను. మెసేజీలు వచ్చాయి, విరిగిన బిట్ల ఫొటోలు వచ్చాయి, ఒంగోలు నుంచి ఒకాయన ఏకంగా మిషన్‌లోంచి పొగ వస్తున్న వీడియో పంపాడు. ఈసారి బిట్ల గురించి చెబుదామనుకున్నా గానీ, ఇది చూశాక అది పక్కన పెట్టేశాను. ముందు ఈ గొడవ తేలిస్తే తప్ప, ఏ మిషన్ కొనాలో చెప్పినా మళ్లీ వీడియోలే వస్తాయి.

తేలికైనవి ముందు చెప్పేస్తా. కావలి నుంచి రాసినాయన బిట్ కొన పెచ్చులు లేచింది, బిట్ నకిలీదేమో అన్నాడు. ఫొటో దగ్గరగా చూస్తే మిషన్ పైన బటన్ సుత్తి బొమ్మ వైపు ఉంది, అంటే తిప్పుతూనే దెబ్బ కూడా కొట్టే వైపు. ఇనుముకీ చెక్కకీ సుత్తి వద్దు, అంతే. చీమకుర్తి నుంచి ఒకామె వంటగది గట్టుకి కుళాయి బెజ్జం వెయ్యబోతే గెలాక్సీ గ్రానైటు అంచు దాకా పగిలిందని రాసింది. అమ్మా, గ్రానైటుకి డైమండ్ కోర్ బిట్, నీళ్లు, నెమ్మది. సుత్తి అసలే వద్దు. మార్కాపురం పలకకీ, టైల్స్‌కీ అదే మాట. రొయ్యల గుంట దగ్గర షెడ్డులో ఏరేటర్ ఫ్రేముకి బెజ్జం వేసిన తమ్ముడు, బిట్ మొద్దుబారిపోయింది గానీ గీత కూడా పడలేదన్నాడు. అది స్టెయిన్‌లెస్ స్టీలు. బిట్ కొరకకుండా పైపైన రుద్దుకుంటూ తిరిగితే ఆ చోట ఇంకా గట్టిపడుతుంది, అప్పుడు కొత్త బిట్ పెట్టినా దిగదు. తక్కువ స్పీడు, గట్టి ఒత్తిడి, చుక్క చుక్కగా నూనె.

ఇప్పుడు సింగరాయకొండ మెసేజ్. "అన్నా, 850 వాట్ల మిషన్ అన్నా, చెమటలు కారేదాకా నెట్టినా లింటెల్లోకి అంగుళం దిగలేదు." ఈ వాట్ల మాట ఆయన ఒక్కడిదే కాదు, దాదాపు అందరి మెసేజీల్లోనూ ఉంది. కాంక్రీటులో బెజ్జం పడాలంటే కావలసింది దెబ్బ, తిప్పుడు కాదు. ఆయన చేతిలో ఉన్నది ఇంపాక్ట్ డ్రిల్. దానిలోపల రెండు పళ్ల చక్రాలు ఎదురెదురుగా ఉండి ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతుంటాయి, ఆ అదురే దాని దెబ్బ. డబ్బా మీద నిమిషానికి 44,800 దెబ్బలు అని ఉంటే నోరు తెరవకండి, అది 2,800 చుట్లని 16 పళ్లతో గుణిస్తే వచ్చిన లెక్క. దెబ్బలు చాలా, ఒక్కోదానిలో పస తక్కువ, పైగా మీరు వెనకనుంచి నెట్టకపోతే ఆ పళ్లు కలవనే కలవవు. ఇటుక గోడకి చాలు. లింటెల్లో నల్ల కంకర రాయి ఎదురైతే అక్కడే ఆగిపోతుంది.

రోటరీ హ్యామర్ వేరే జాతి. లోపల పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఒక ఉక్కు దిమ్మను విసురుతుంది, అది పోయి బిట్ వెనక కొడుతుంది. నిమిషానికి నాలుగైదు వేల దెబ్బలే, కానీ రెండు మూడు కిలోల మిషన్‌లో కూడా ఒక్కో దెబ్బలో పస 2 నుంచి 3 జౌల్స్. నెట్టక్కర్లేదు, పట్టుకుంటే చాలు. అలాగని హ్యామరే కొనేసి దానికి అడాప్టర్ చక్ (బిట్‌ని పట్టుకునే మూతి) తగిలించి ఇనుముకీ చెక్కకీ వాడదామనుకోకండి, ఆ చక్ ఊగుతుంది, బెజ్జం గుండ్రంగా రాదు, చిన్న బిట్లకి కావలసిన స్పీడూ ఉండదు. ఇంటి వర్క్‌షాపులో నూటికి తొంభై పాళ్లు మన పని ఇనుము, చెక్క, ప్లైవుడ్. కాంక్రీటు పని ఏడాదికి ఎప్పుడో ఉంటుంది, ఆ రోజుకి హ్యామర్ అద్దెకు తెచ్చుకోండి, లేదా ప్లంబర్‌ని అడగండి. ఒక్క మిషన్‌తో అన్నీ అయిపోవాలనే ఆశ ఉన్నవాళ్లే రెండుసార్లు కొంటారు.

పేరు చూసి గుర్తుపట్టడం తేలిక. బాష్ నీలం మిషన్లలో జీబీఎం అంటే దెబ్బ లేని డ్రిల్, జీఎస్‌బీ ఇంపాక్ట్, జీబీహెచ్ రోటరీ హ్యామర్. మకిటాలో హెచ్‌పీ ఇంపాక్ట్, హెచ్‌ఆర్ హ్యామర్.

ఇక పొగ వీడియో. నాకు ఒళ్లు మండేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

ఆయన 10 ఎంఎం బిట్‌కి స్పీడు తక్కువ ఉండాలని ఎక్కడో చదివాడు. కరెక్టే. అందుకని ట్రిగ్గర్ సగమే నొక్కి, నెమ్మదిగా తిప్పుతూ, ఒళ్లంతా బరువు పెట్టి నొక్కాడు. బిట్ పట్టేసింది, మిషన్ గుర్రుమంది, కాసేపటికి వార్నిష్ మాడిన వాసన, తర్వాత పొగ. ఆయనేమో "750 వాట్లు సరిపోలేదు, 1,000 వాట్లది కొనాలా" అంటున్నాడు. 1,000 వాట్లది కొని ఇదే పని చేస్తే అది కూడా కాలుతుంది, కాకపోతే ఖరీదు ఎక్కువ.

జరిగింది ఇది. వైరు డ్రిల్‌లో ఉండేది మిక్సీలో ఉండే లాంటి కార్బన్ల మోటారు. దాని బలమంతా స్పీడులో ఉంటుంది. ట్రిగ్గర్ సగం నొక్కితే లోపలి సర్క్యూట్ కరెంటు అలని ముక్క కోసి మోటారుకి తక్కువ ఇస్తుంది, స్పీడు తగ్గుతుంది, దాంతోపాటు బలమూ తగ్గుతుంది. బిట్ ఇనుములో పట్టగానే మోటారు ఆగినంత పని అవుతుంది, ఆగబోయే మోటారు కరెంటు విపరీతంగా లాగుతుంది, అదంతా వేడి. ఆ వేడిని బయటికి తోలాల్సిన ఫ్యాను ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) ఇరుసు మీదే ఉంది, ఇరుసు నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది. గాలి బాగా కావలసినప్పుడే గాలి ఉండదన్నమాట. ట్రిగ్గర్ సగం నొక్కడం బెజ్జం మొదలుపెట్టడానికీ, స్క్రూ బిగించడానికీ. ఇనుములో పది ఎంఎం బెజ్జం మొత్తం దానిమీద నడపడానికి కాదు.

గేరు చేసే పని దీనికి పూర్తిగా వేరు. మోటారు తన పూర్తి స్పీడులోనే తిరుగుతుంది, ఫ్యాను గాలి కొడుతూనే ఉంటుంది, చక్ మాత్రం నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది. వడ్ల ట్రక్కు తగిలించిన ట్రాక్టర్‌ని చెరువుకట్ట ఎక్కించేటప్పుడు టాప్ గేరులో పెట్టి యాక్సిలరేటర్ తగ్గిస్తామా?

లెక్క కావాలన్నవాళ్లకి లెక్క. డబ్బా మీద 750 వాట్లు అంటే అది గోడలోంచి లాగే కరెంటు, చక్ దగ్గరికి చేరేది సుమారు సగం, 375 అనుకుందాం. తిప్పే బలం న్యూటన్ మీటర్లలో కావాలంటే ఆ వాట్లని 9.55తో గుణించి నిమిషానికి ఎన్ని చుట్లో దానితో భాగించాలి. రెండో గేరులో 2,000 చుట్ల దగ్గర 1.8 వస్తుంది. మొదటి గేరులో 700 చుట్ల దగ్గర 5.1 వస్తుంది. అదే మోటారు, అవే వాట్లు, మూడింతల బలం. ఇప్పుడు చెప్పండి, ఒకే గేరున్న 1,000 వాట్ల మిషన్ కావాలా, రెండు గేర్ల 750 కావాలా?

షాపులో ఇది ఎలా తెలుస్తుందంటే, నేమ్ ప్లేటు మీద స్పీడు దగ్గర 0–1,100 / 0–3,000 లాగా రెండు జతల అంకెలు ఉండాలి. 0–2,800 అని ఒకటే ఉంటే ఒకటే గేరు, ఎన్ని వాట్లున్నా సరే. ట్రిగ్గర్ మీద 1 నుంచి 6 దాకా అంకెలున్న చిన్న చక్రం చూపించి "ఆరు స్పీడులు సార్" అంటారు, అది గేరు కాదు, మీ వేలు ఎంతవరకు దిగాలో ఆపే మర మాత్రమే, అంటే మళ్లీ పొగ వీడియో కథే. గేరు అంటే మిషన్ పక్కనో పైనో ఒక నాబ్ ఉంటుంది, తిప్పితే టక్కుమని పడుతుంది, ఒక్కోసారి చక్ చేత్తో కొంచెం కదిపితే గానీ పడదు, అది లోపం కాదు.

మామూలు ఇనుముకి ఎంత స్పీడు అనే దానికి నేను వాడే అడ్డదారి ఒకటుంది. 8,000ని బిట్ సైజుతో భాగించండి. 4 ఎంఎంకి 2,000, 8 ఎంఎంకి 1,000, 10కి 800, 13కి 615. స్టెయిన్‌లెస్ అయితే వచ్చినదాంట్లో సగం, ఇంకా తగ్గినా మంచిదే. మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్‌కి ఇది చాలు, పుస్తకాల్లో పెద్ద పట్టికలుంటాయి గానీ నేను వాటి జోలికి పోను. 25 ఎంఎం హోల్ సా (గుండ్రంగా కోసే రంపం బిట్) పెడితే 320 వస్తుంది చూడండి, ఒక గేరు మిషన్‌తో అది ఎందుకు మాడుతుందో ఇక విడిగా చెప్పక్కర్లేదు. కబోర్డు కీళ్లకి వేసే 35 ఎంఎం గుంట కూడా మొదటి గేరు పనే, చెక్క అయినా సరే.

సరే, కొనేది ఏది? 13 ఎంఎం చక్, రెండు గేర్లు, 700 వాట్లు దాటిన మోటారు, రివర్సు, పక్క హ్యాండిలు. రెండు గేర్ల మిషన్లు చాలావరకు ఇంపాక్టుతోనే వస్తాయి, రానివ్వండి, ఆ బటన్ డ్రిల్ బొమ్మ దగ్గరే ఉంచండి. చక్ తాళంచెవిదే తీసుకోండి అంటాను, చేత్తో బిగించే చక్ సుఖమే గానీ 13 ఎంఎం బిట్ ఇనుములో పట్టినప్పుడు జారుతుంది, నాకు నచ్చదు. హ్యాండిలు తగిలించే మెడ 43 ఎంఎం ఉంటే తర్వాత డ్రిల్ స్టాండు కొన్నా అందులో సరిపోతుంది, కొలవడానికి కాలిపర్స్ జేబులో పెట్టుకెళ్లండి. 10 ఎంఎం చక్‌లో పట్టేలా వెనక సన్నగా చేసిన 13 ఎంఎం బిట్లు దొరుకుతాయి, చక్‌లో పడితే పడుతుంది గానీ మోటారు బలం పెరగదు కదా. మొదటి గేరు బలం మీ మణికట్టుకి కూడా తగులుతుందని మర్చిపోకండి. బెజ్జం అవతలికి తేలే క్షణంలో బిట్ పట్టి మిషనే తిరుగుతుంది, పక్క హ్యాండిలు లేకుండా, ముక్కని క్లాంపు వెయ్యకుండా మొదలుపెట్టొద్దు. లుంగీ, కండువా, చేతి గ్లౌజులు వద్దు. కళ్లద్దాలు తప్పనిసరి.

షాపులో బిట్ బిగించి తిప్పించి కొన ఊగుతుందేమో చూడండి, పొడుగాటి సన్న బిట్ అయితే ఊపు బాగా కనిపిస్తుంది. కార్బన్లు మార్చడానికి బయట మూతలున్నాయా, ఆ కార్బన్ల జత నెల్లూరులోనో ఒంగోలులోనో ఇప్పుడే కౌంటర్ మీద పెట్టగలరా అని అడగండి, పెడితే అప్పుడే ఒక జత కొనేయండి. వైండింగ్ రాగిదేనా అని అడిగితే అందరూ రాగే అంటారు, బిల్లు మీద రాయమనండి.

వోల్టేజీ సంగతి చిన్నదే గానీ మన పల్లెల్లో తప్పదు. 230 ఉండాల్సిన చోట 190 వస్తుంటే మోటారు బలంలో దాదాపు మూడోవంతు పోతుంది, అప్పుడు ఏ మిషనూ తప్పు కాదు. ఎక్స్‌టెన్షన్ వైరు 1.5 స్క్వేర్ ఎంఎంకి తగ్గకండి, చుట్ట మొత్తం విప్పి వాడండి, చుట్టలో ఉంటే వేడెక్కుతుంది. గట్టి పని అయ్యాక మిషన్‌ని వెంటనే ఆపి కింద పెట్టకుండా ఒక నిమిషం ఖాళీగా ఫుల్ స్పీడులో తిప్పండి, లోపలి వేడి పోతుంది. మే నెలలో ఇది మరీ ముఖ్యం. కొత్తపట్నం, మైపాడు వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో అయితే చక్ దవడలకి వారానికోసారి చుక్క నూనె వెయ్యండి.

ఇక అభ్యాసం. కొనడానికి వెళ్లే ముందే చెయ్యాలి, ఇది తేలిక కాదని ముందే చెబుతున్నా. వచ్చే ఏడాదిలో మీరు వెయ్యబోయే బెజ్జాలన్నీ ఒక కాగితం మీద రాయండి, గేటు, మంచం, కబోర్డు, బోరు పైపు క్లాంపు, ఏదైనా వదలొద్దు. ఒక్కోదాని ఎదురుగా ఇనుమా, స్టెయిన్‌లెస్సా, చెక్కా, కాంక్రీటా, బిట్ సైజెంత అని రాసి, ఇనుము వాటన్నిటికీ 8,000 లెక్క వెయ్యండి, వచ్చినవాటిలో అన్నిటికంటే చిన్న అంకెకి సున్నా చుట్టండి. తర్వాత మీ షెడ్డు ప్లగ్గు దగ్గర మల్టీమీటర్ పెట్టి తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి వోల్టేజీ చూసి రాయండి, ఇంట్లో నీళ్ల మోటారు ఆడుతున్నప్పుడు మూడోది. మల్టీమీటర్ వాడటం రాకపోతే తెలిసినవాళ్లని పక్కన పెట్టుకోండి. ఆ కాగితం ఫొటో తీసి పంపండి, మిషన్ బొమ్మ పంపి "ఇది మంచిదేనా అన్నా" అని అడిగితే మాత్రం ఈసారి జవాబివ్వను.