కార్డ్ రీడర్‌తో కెమెరా ఫోటోలు కంప్యూటర్‌లోకి: ఒక్కటీ పోకుండా దించుకునే పద్ధతి

అర్ధరాత్రి ముహూర్తం పెళ్లయితే కవరేజ్ ముగిసేసరికి తెల్లవారుజామున మూడో నాలుగో అవుతుంది. రెండు కెమెరాలు, నాలుగు కార్డులు, రెండు మూడు వేల ఫోటోలు. పొద్దున్నే వ్రతానికి అవే కార్డులు ఖాళీగా కావాలి. సగం నిద్రలో కార్డులు దించే ఆ గంటలోనే పొరపాట్లు జరుగుతాయి.

కార్డును కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరమే కార్డ్ రీడర్. దాని వాడకంలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. గుచ్చి, కాపీ కొట్టి, పేస్ట్ చేయడమే. ఫోటోలు పోవడానికి కారణాలు వేరే ఉంటాయి. ఫోటోలు కార్డులో తప్ప ఇంకెక్కడా లేని సమయంలో కంప్యూటర్ ఆ కార్డు మీద ఏదో రాసేస్తుంది. లేదంటే కాపీ అయిపోయిందనుకుని మనమే ఫార్మాట్ కొట్టేస్తాం. అందుకే ఒక నియమం పెట్టుకోండి: కంప్యూటర్ కార్డును చదవాలి, అంతే. రాయడం, చెరపడం కెమెరా పని. కింద చెప్పేవన్నీ ఈ నియమం నుంచి వచ్చినవే.

ముందు లాక్ చేయండి

ఎస్‌డీ కార్డును లేబుల్ మీకు కనిపించేలా, కోసినట్టుండే మూల పైన కుడివైపుకు వచ్చేలా పట్టుకోండి. ఎడమ అంచున చిన్న ప్లాస్టిక్ మీట కనిపిస్తుంది. గోటితో కిందికి జరిపితే లాక్, పైకి జరిపితే అన్‌లాక్. కార్డు కెమెరాలోంచి బయటికి రాగానే, రీడర్‌లో పెట్టకముందే, దాన్ని కిందికి జరపండి. చాలామంది ఈ మీటను ఏనాడూ ముట్టుకోరు. కానీ ఇంత చవకైన రక్షణ మరొకటి లేదు.

లాక్ చేసిన కార్డులో వైరస్ చొరబడలేదు. కాపీ అనుకుని కట్ కొట్టినా అసలు ఫైళ్లు కార్డులోనే ఉంటాయి. కంగారులో ఫార్మాట్ నొక్కినా జరగదు. ఆల్బమ్ డిజైనింగ్ సెంటర్లలో, ఫోటో ల్యాబుల్లో రోజుకు పదుల పెన్‌డ్రైవ్‌లు గుచ్చే కంప్యూటర్లు ఉంటాయి. అక్కడ కార్డు పెట్టాల్సి వస్తే లాక్ తప్పనిసరి. ఫోల్డర్లను దాచేసి, వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు పెట్టే పాత వైరస్ ఇంకా చావలేదు. అది అంటిన కార్డులో మీ ఫోల్డర్లు కనిపించకపోయినా వాడిన సైజు మాత్రం అలాగే చూపిస్తుంది. విండోస్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ ఆన్ చేయండి. ఆప్షన్స్‌లో సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్ కూడా తీసేయండి. ఫోల్డర్ బయటపడుతుంది. షార్ట్‌కట్ మీద మాత్రం క్లిక్ చేయకండి.

ఒక మెలిక ఉంది. ఆ మీటకూ కార్డు లోపలి చిప్‌కూ సంబంధం లేదు. స్లాట్ లోపలుండే చిన్న స్విచ్ మీట ఎక్కడుందో తడిమి చూసి రాయనివ్వాలా వద్దా అన్నది తేలుస్తుంది. కొన్ని చవక రీడర్లు దాన్ని పట్టించుకోవు. అందుకే రీడర్ కొన్న రోజే ఖాళీ కార్డును లాక్ చేసి పెట్టి, అందులో కొత్త ఫోల్డర్ చేయబోండి. రైట్ ప్రొటెక్టెడ్ అని అడ్డుకుంటే మంచి రీడర్. ఫోల్డర్ తయారైపోతే దాని లాక్‌ను నమ్మకండి. కాంపాక్ట్ ఫ్లాష్, సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డులకు ఈ మీట అసలు ఉండదు కాబట్టి వాటి విషయంలో చేతినే అదుపులో పెట్టుకోవాలి.

ఏ రీడర్, ఏ పోర్ట్

ఎస్‌డీ కార్డుల్లో 2 జీబీ వరకు మామూలు ఎస్‌డీ, 32 జీబీ వరకు ఎస్‌డీహెచ్‌సీ, 64 జీబీ నుంచి ఎస్‌డీఎక్స్‌సీ. పాతకాలపు రీడర్‌లో 64 జీబీ కార్డు పెడితే అసలు కనిపించకపోవచ్చు, లేదా ఫార్మాట్ చేయమని అడగొచ్చు. అప్పుడు లోపం కార్డులో లేదు.

తర్వాత వేగం. కార్డు వెనక బంగారు రంగు కాంటాక్టులు ఒకే వరుసలో ఉంటే అది మామూలు కార్డో యూహెచ్‌ఎస్-1 రకమో అయి ఉంటుంది. యూహెచ్‌ఎస్-1 హద్దు సెకనుకు 104 ఎంబీ. రెండు వరుసలుంటే యూహెచ్‌ఎస్-2, దాని హద్దు 312 ఎంబీ. ఒకే వరుస ఉన్న కొన్ని కార్డుల మీద 170, 200 అని ముద్రించి ఉంటుంది. అది అబద్ధం కాదు గానీ, ఆ కంపెనీ సొంత పద్ధతికి సరిపడే రీడర్‌లోనే ఆ వేగం వస్తుంది. మిగతా వాటిలో 90 దరిదాపుల్లో ఆగిపోతుంది. రెండు వరుసల కార్డును యూహెచ్‌ఎస్-1 రీడర్‌లో పెట్టినా పనిచేస్తుంది, వేగం మాత్రం తగ్గుతుంది.

యూఎస్‌బీ 2.0 దారిలో సెకనుకు 35 ఎంబీ వస్తే గొప్ప. 60 జీబీ దించడానికి అరగంట పడుతుంది. అదే కార్డు యూఎస్‌బీ 3.0 మీద సెకనుకు 90 ఎంబీతో నడిస్తే 11 నిమిషాలు. మంచి యూహెచ్‌ఎస్-2 కార్డుకు, రీడర్‌కు జత కుదిరితే నాలుగైదు నిమిషాల్లో పని అయిపోతుంది. కార్డే నెమ్మదైనది కాకపోయినా కాపీ విండోలో వేగం 40 దాటకపోతే మధ్యలో ఎక్కడో 2.0 దూరి ఉండొచ్చు. ముందు పోర్ట్ చూడండి: 3.0 పోర్ట్ లోపలి ప్లాస్టిక్ చాలా కంప్యూటర్లలో నీలంగా ఉంటుంది. ఆ తర్వాత కేబుల్. ఫోన్ చార్జర్‌తో వచ్చే టైప్-సీ వైర్లు చాలావరకు 2.0 వేగానివే. రీడర్‌తో ఇచ్చిన వైర్ పోయి, చేతికందిన చార్జింగ్ వైర్ తగిలించినప్పుడు కొత్త రీడర్ కూడా నత్తలా నడుస్తుంది.

డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులు వదిలేసి వెనకవైపు మదర్‌బోర్డు పోర్టులో పెట్టండి. ముందువి ఏళ్లతరబడి వాడి వదులై ఉంటాయి, లోపల పొడవాటి వైరు మీద నడుస్తాయి. వెలుగుతూ ఆరిపోతూ ఉండే రీడర్ల సమస్య చాలాసార్లు అక్కడే తీరిపోతుంది. కరెంటు విడిగా లేని హబ్‌లో హార్డ్‌డిస్కునూ రీడర్‌నూ కలిపి పెట్టడం కూడా ఇలాంటి తప్పే.

కెమెరాకే వైర్ పెట్టి దించుకోవచ్చు కదా అంటారా? దించుకోవచ్చు. కానీ బ్యాటరీ నిండా ఉండాలి, మధ్యలో కెమెరా ఆగితే కాపీ తెగిపోతుంది, ఆ కాసేపు కెమెరా ఇంకో పనికి రాదు. రీడర్ పాడైన రోజుకు దాన్ని అట్టిపెట్టుకోండి.

కాపీ

కెమెరా ఆఫ్ చేసి, కార్డు లైట్ ఆరాక కార్డు తీయండి. బరస్ట్ (ఆగకుండా వరసగా ఫోటోలు) కొట్టిన వెంటనే కొన్ని క్షణాలపాటు ఫోటోలు ఇంకా కార్డులోకి ఎక్కుతూనే ఉంటాయి. రీడర్‌లోకి నెట్టేటప్పుడు బలం వాడకండి. కాంపాక్ట్ ఫ్లాష్ రీడర్‌లో 50 సన్నటి పిన్నులుంటాయి. కార్డు కొంచెం వంకరగా దూర్చినా ఒక పిన్ను వంగిపోతుంది, ఆ తర్వాత ఆ రీడర్ పెట్టిన ప్రతి కార్డునూ చెడగొట్టవచ్చు.

ఒక్కో కార్డుకు ఒక్కో ఫోల్డర్ చేయండి. పేరులో ముందు సంవత్సరం, నెల, తేదీ రాయండి, తర్వాత కెమెరా, కార్డు నంబర్లు: '2025-02-14 కెమెరా1 కార్డు2' లాగా. తేదీ అలా రాస్తే ఫోల్డర్లు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి. అన్ని కార్డులనూ ఒకే ఫోల్డర్‌లో పోయడం మాత్రం వద్దు. చాలా కెమెరాల్లో ఫోటో నంబర్ 9999 దాటగానే మళ్లీ 0001కి వస్తుంది. ఒకే మోడల్ కెమెరాలు రెండుంటే ఒకే పేరుతో రెండు ఫోటోలు తయారవుతాయి. రీప్లేస్ చేయాలా అని విండోస్ అడిగినప్పుడు నిద్రమత్తులో సరే అన్నారంటే జీలకర్ర బెల్లం ఫోటో మీద తలంబ్రాల ఫోటో కూర్చుంటుంది. రీప్లేస్ అన్న ప్రశ్న కనిపించిందంటేనే తప్పు ఫోల్డర్‌లో ఉన్నారని లెక్క. ఆపేయండి.

డీసీఐఎం ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసి ఊరుకోకండి. ఉదాహరణకు సోనీ కెమెరాల్లో ఫోటోలు డీసీఐఎంలో ఉంటే, వీడియోలు ప్రైవేట్ అనే మరో ఫోల్డర్‌లో రెండు మూడు అరల లోపల ఉంటాయి. కార్డు తెరిచి, కంట్రోల్-ఏ కొట్టి, ఉన్నదంతా కాపీ చేసుకోవడమే మేలు. ఫోటోస్ యాప్ ఇంపోర్ట్ బటన్ ఇంట్లో ఫోటోలకు బాగుంటుంది. డబ్బు తీసుకుని చేసే పనికి మాత్రం విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్, మ్యాక్‌లో ఫైండర్ వాడండి, ఏది ఎక్కడికి వెళ్లిందో కళ్లకు కనిపిస్తుంది.

కాపీ అయ్యాక కార్డులోనివీ కొత్త ఫోల్డర్‌లోనివీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ఫైళ్ల సంఖ్య ఒకటే ఉండాలి. సైజ్ అన్న వరుసలో బైట్ల అంకె చివరి అక్షరం దాకా కలవాలి. దాని కింద సైజ్ ఆన్ డిస్క్ అని ఉండేది కలవకపోయినా కంగారు అక్కర్లేదు, డిస్కును గదులుగా విభజించే తీరు వేరు కావడం వల్ల ఆ తేడా వస్తుంది.

సంఖ్య కలిసినంత మాత్రాన లోపలి ఫోటో బాగున్నట్టు కాదు. టెరాకాపీ లాంటి ప్రోగ్రామ్‌లో వెరిఫై ఆన్ చేస్తే కాపీ అయిన ప్రతి ఫైల్‌నూ మళ్లీ చదివి అసలుతో పోల్చి చూస్తుంది. సమయం పెరుగుతుంది గానీ పెళ్లి ఫోటోలకు ఆ మాత్రం ఆగాలి. చూపు మీద ఆధారపడితే మోసపోతారు. రా (RAW) ఫైల్ అంటే సెన్సర్ పట్టిన డేటాను కెమెరా దాచుకునే ఫైల్. దాని లోపల ఒక చిన్న జేపెగ్ దాగి ఉంటుంది. థంబ్‌నెయిల్‌గా మనకు కనిపించేది అదే. అది బాగానే ఉండి, అసలు రా డేటా చెడిపోయి ఉండొచ్చు. అందుకే మొదట్లోవి, మధ్యలోవి, చివర్లోవి కొన్ని లైట్‌రూమ్ వంటి ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో నూరు శాతం సైజులో తెరిచి చూడండి.

ఫోటో కింది సగం బూడిద రంగులోనో, అడ్డంగా ఊదా చారలతోనో కనిపిస్తే వెంటనే కార్డును తప్పుపట్టకండి. కార్డు బయటికి తీసి మళ్లీ పెట్టి, అదే ఫైల్‌ను వేరే పేరు ఫోల్డర్‌లోకి ఇంకోసారి కాపీ చేయండి. ఈసారి బాగా వస్తే దోషం రీడర్‌దో కేబుల్‌దో. అచ్చం అదే చోట చెడి ఉంటే కార్డుదే అయి ఉంటుంది.

రెండో కాపీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి నేరుగా కార్డు నుంచే తీసుకోండి. మొదటి కాపీ నుంచి తీస్తే అందులోని లోపం ఇందులోకీ వస్తుంది. ల్యాప్‌టాప్, హార్డ్‌డిస్కు ఒకే బ్యాగులో వేసుకుని బస్సెక్కకండి.

కంప్యూటర్ మొండికేస్తే

'ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అన్న మెసేజ్ వస్తే క్యాన్సిల్. 'స్కాన్ అండ్ ఫిక్స్' అన్నా క్యాన్సిల్. ఆ ఫిక్స్ కార్డు మీద రాస్తుంది, ఒక్కోసారి ఫోటోలను పేరూ ఊరూ లేని ముక్కలుగా మార్చేస్తుంది. కార్డును తిరిగి కెమెరాలో పెట్టి చూడండి. ఫోటోలు కనిపిస్తే కార్డు బాగున్నట్టే, వేరే రీడర్ లేదా కెమెరా వైర్ వాడండి. కాంటాక్టుల మీద చెమట మరక ఉంటే నూలు రాలని గుడ్డకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలించి తుడిచి, ఆరనివ్వండి. డ్రోన్ నుంచి వచ్చే మైక్రో ఎస్‌డీ అయితే ముందుగా అడాప్టర్ మార్చి చూడండి, తరచుగా వదులయ్యేది అదే.

ఫోన్‌లోకి దించాలంటే టైప్-సీ రీడర్ చాలు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ (బయటి పరికరాలను ఫోన్‌కు తగిలించుకునే సౌకర్యం) ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే అది తనంతట తానే ఆఫ్ అవుతుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్‌లోనే కార్డు తెరుచుకుంటుంది.

కార్డు ఖాళీ చేయడం

రెండు కాపీలూ సరిచూశాక ఎజెక్ట్ కొట్టి కార్డు తీయండి. లాక్ పైకి జరపండి, మర్చిపోతే కెమెరా ఫోటో తీయదు. ఆ తర్వాత కెమెరా మెనూలోనే ఫార్మాట్ చేయండి. కంప్యూటర్‌లో ఒక్కొక్కటీ డిలీట్ చేస్తే తమ ఫోటోల జాబితా తప్పిందని కొన్ని కెమెరాలు గొడవ చేస్తాయి. మ్యాక్‌లో అయితే ట్రాష్ ఖాళీ చేసేదాకా కార్డులో జాగా కూడా రాదు.

అన్నీ చేసినా తప్పు కార్డు ఫార్మాట్ అయిందా? ఆ క్షణం నుంచి దానిమీద ఒక్క ఫోటో కూడా తీయకండి. మామూలు ఫార్మాట్ సాధారణంగా ఫైళ్ల జాబితానే చెరుపుతుంది, ఫోటోల డేటా కొత్తది పడేదాకా అక్కడే ఉంటుంది. కెమెరాలో 'లో లెవెల్ ఫార్మాట్' టిక్ పెట్టి ఉంటే మాత్రం ఆశ తక్కువ. కార్డు లాక్ చేసి, ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడపండి. దొరికిన ఫైళ్లు కార్డులోకి కాకుండా వేరే డిస్కులోకి వెళ్లేలా ఫోల్డర్ చూపించండి. పాత పేర్లు రావు. కానీ ఫోటో తీసిన సమయం ఫైల్ లోపలే ఉంటుంది కాబట్టి, డేట్ టేకెన్ ప్రకారం సార్ట్ చేస్తే పెళ్లి మళ్లీ వరుసలోకి వస్తుంది.