నాగావళి, వంశధారల్లో ఫ్లై గాలం వేసేవారికి వానాకాలం జాగ్రత్తలు

వేసవిలో మోకాలి లోతున తేటగా పారిన నాగావళి, జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చాక అదే నదిగా ఉండదు. మామూలు గాలం వేసేవారు గట్టు మీద కూర్చుంటారు. ఫ్లై ఫిషింగ్, అంటే పురుగులా కట్టిన తేలికపాటి ఎరతో గాలం విసరడం, చేసేవారు నీటిలోకి దిగి నిలబడతారు. కాబట్టి తొలి వాన పడకముందే కొన్ని సంగతులు మనసుకు పట్టించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది పైనుంచి వచ్చే నీరు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి మన జిల్లాల్లోకి దిగివస్తాయి గనుక, రాయగడ వైపు రాత్రి కురిసిన వానకు మరునాడు శ్రీకాకుళంలో ఎండ కాస్తుండగానే నీరు పెరగవచ్చు. వంశధార మీద గొట్టా, నాగావళి మీద తోటపల్లి, సువర్ణముఖి మీద మడ్డువలస గేట్లు ఎత్తినప్పుడు దిగువ రేవుల్లో నిలబడ్డవారికి దొరికే వ్యవధి చాలా తక్కువ. నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసే సంగాం దగ్గర ఏ ఏరు పొంగినా ముప్పే కనుక, వానాకాలంలో అక్కడ నీటిలోకి దిగకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

నేను నదిలోకి దిగేముందు నీటి అంచున ఒక వెదురు పుల్ల నాటి, నీరు తాకిన చోట కత్తితో గాటు పెడతాను. ఒక జూలై ఉదయం నాలుగైదు సార్లు గాలం విసిరి వెనుదిరిగి చూసేసరికి గాటు మునిగిపోయింది; అప్పటికి నీటి రంగు మారలేదు, చప్పుడూ పెరగలేదు. ఎండుటాకులు, గడ్డిపరకలు, నురుగు తేలి రావడం ఆ తరువాత మొదలైంది. ఇసుక తిన్నె మీద ఉన్నవారు మరింత త్వరపడాలి, ఎందుకంటే తిన్నెకూ గట్టుకూ మధ్యనున్న పాయ ముందు నిండి, తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది.

ఇసుక తవ్విన గుంతలు వరద నీటిలో కనబడవు. అందువల్ల చేతికర్రతో ముందు అడుగు తడిమి చూసుకుంటూ, ప్రవాహానికి పక్కకు తిరిగి, కాలు ఈడ్చి నడవాలి. మోకాలు దాటిన చోటికి వెళ్లరాదు. లైఫ్ జాకెట్ తప్పనిసరి. కొట్టుకుపోతే గాలపు కర్రను వదిలేసి, వెల్లకిలా తేలుతూ పాదాలు దిగువ వైపు ఉంచి, ఏటవాలుగా గట్టుకు చేరాలి.

ఫ్లై గాలంలో ఎరకు బరువుండదు, బరువంతా దారానిదే. కాబట్టి దారం వెనుక పూర్తిగా చాచుకున్న తరువాతే ముందుకు విసరాలి. వెనుక మనుషులు, కరెంటు తీగలు ఉన్నాయేమో ప్రతిసారీ చూసుకోవాలి. కార్బన్ కర్ర విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. ఉరుము వినబడిన వెంటనే దాన్ని కింద పెట్టి, తాటిచెట్ల కిందకు కాకుండా పక్కా ఇంట్లోకి వెళ్లి, చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి. గాలపు కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో ముందే నొక్కి ఉంచితే చెవికో వేలికో గుచ్చుకున్నా సులువుగా వస్తుంది. కంటికి తగిలితే మాత్రం లాగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. జెల్ల చేప రెక్క ముల్లు గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఆ చోటును ఉంచితే నొప్పి తగ్గుతుంది.

చెరువుల్లో నీటిపైన ఎర్రటి చేపపిల్లల గుంపు బుడబుడలాడుతూ కనిపిస్తే కింద పెద్ద కొర్రమేను కాపలా ఉందని అర్థం. అక్కడ గాలం వేయవద్దని బతిమాలుతున్నాను, కాపలా చేప పోతే ఆ గుంపు మిగలదు.

వరద గట్టెక్కించిన పాములు గడ్డిలో, రాళ్ల సందుల్లో చేరతాయి. కాటు వేస్తే కోయకుండా, కట్టు బిగించకుండా, ఆ కాలు కదలనివ్వకుండా 108కి ఫోను చేయాలి. అందుకే ఫోనును నీరు చొరని సంచిలో ఒంటికే కట్టుకొని, ఏ రేవుకు వెళ్తున్నదీ, ఎన్నింటికి తిరిగి వచ్చేదీ ఇంట్లో చెప్పి బయలుదేరాలి.